మళ్లీ ఒకటో లెవెల్

ఆదివారం రాత్రి, మధురానగర్ హాస్టల్

ఐస్ స్కేటింగ్ మూడో లెవెల్ టెస్టు పోయింది. స్పిన్ బాగానే చేశాను. ఆగమన్నప్పుడు మాత్రం మునివేళ్లు మంచు మీద ఈడ్చాను. పంజాగుట్టలో చక్రాల స్కేట్లతో నేర్చుకున్న అలవాటు. వాటికి ముందున్న రబ్బరు బ్రేకే ఆపుతుంది. ఐస్ మీదైతే పాదాలు లోపలికి తిప్పి ఆగాలి. అది ఒకటో లెవెల్ పాఠమే.

"మల్ల ఒకటో లెవెల్ నుంచి షురూ చెయ్యాలె. గా చిన్నపిల్లల బ్యాచ్‌ల నిలబడ్తవా? టెస్టుల ఫికర్ ఎందుకు, ఊకె సరదాగ తిరుగరాదు!" అన్నాడు కోచ్.

"ఆ బ్యాచ్ ఎన్నింటికి సార్?" అన్నాను.

ఆరేళ్ల పిల్లల వెనక నన్ను చూసి వాళ్ల అమ్మలు నవ్వుతారు. నవ్వనీ. సరదాగా తిరగాలంటే నాకు అమీర్‌పేట లేదా? కానీ ఈ పాడు కాలు మళ్లీ ఈడిస్తే...

ఇందాక సాక్సులతో వరండాలో జారి, ఆగి చూశాను. పాదాలు చెప్పినట్టు విన్నాయి.

పిల్లలూ, కాస్త పక్కకు జరగండి. అక్క వస్తోంది.