డేగ కుళ్ళాయి వెనక అతుకు

పరమ కరుణామయుడైన అల్లాహ్ నామంతో.

అల్ ఐన్ నివాసిని, కీర్తిశేషుడు తరీష్ కూతురిని, కీర్తిశేషుడు మతర్ బిన్ సుహైల్ భార్యను అయిన అఫ్రా అనే నేను, అల్లాహ్ తప్ప వేరే దేవుడు లేడని సాక్ష్యం పలుకుతూ, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. నా మోకాళ్ళు మాట వినవు. కళ్ళు సూదిలో దారం ఎక్కించనివ్వవు. బుర్రకు మాత్రం ఏ లోటూ లేదు. అనుమానం ఉన్నవాళ్ళు నేను బతికుండగానే వచ్చి, షాహీన్ అనే చిన్న డేగ తలకూ పెద్ద డేగ తలకూ తేడా ఎంతో నన్ను అడగవచ్చు.

ఈ వీలునామా అమలు బాధ్యత హిలాల్ బిన్ దల్మూక్‌కు అప్పగిస్తున్నాను. మా కొట్టుకు మొదటినుంచీ వచ్చే వేటగాడు. నోరు పెద్దది, చెయ్యి శుభ్రమైనది. నోటి సంగతి మీరు సర్దుకోండి.

1. నన్ను మా అమ్మ పక్కన పాతిపెట్టాలి. పరామర్శ మూడు రోజులూ నా ఇంట్లోనే జరగాలి. నా తమ్ముడు ఖల్ఫాన్ ఈ గడప తొక్కి చాలా కాలమైంది. ఆ మూడు రోజులూ అతను రాక తప్పదు. వచ్చినప్పుడు చుట్టంలా తలుపు దగ్గర కాదు, ఇంటివాడిలా లోపలి గోడ వైపు కూర్చోబెట్టాలి. అతని గహ్వా కాఫీలో యాలకులు ఎక్కువ వెయ్యాలి.

2. షరీఅత్ ప్రకారం నాకు వారసులు ఇద్దరే: నా కూతురు మౌజా, నా తమ్ముడు ఖల్ఫాన్. ఇల్లూ, బంగారమూ, తోటలో నా వంతూ వాళ్ళకు చెరి సగం. వారసులకు వీలునామాలో వేరుగా ఏదీ రాయకూడదు. మూడో వంతు దాటకుండా బయటివాళ్ళకు మాత్రమే రాయవచ్చు. కూతురికి సగం ఇచ్చినందుకు సంతోషం. మిగతా సగం తమ్ముడికని వకీలు చెప్పినప్పుడు నవ్వొచ్చింది. కోర్టులో అన్నేళ్ళు కొట్లాడి మా ఆయన వాడికి దక్కనివ్వకూడదనుకున్న సొమ్ములో సగం, నా చావుతో తిన్నగా వాడి ఇంటికే వెళుతోంది.

3. ఇది ఆస్తి కాదు, సంగతి. ఇది తెలియకపోతే తర్వాతివి అర్థం కావు కాబట్టి, వకీలు వద్దంటున్నా రాయిస్తున్నాను.

మా ఆయన మతర్, నా తమ్ముడు ఖల్ఫాన్ కలిసి డేగల సామాన్ల కొట్టు నడిపేవాళ్ళు. డేగ కళ్ళు మూసే తోలు కుళ్ళాయిలు నేను ఇంట్లో కుట్టేదాన్ని. తడితోలును చెక్క అచ్చు మీద బిగించి ఆరనివ్వాలి. ఒక్కో జాతి డేగకు ఒక్కో అచ్చు. ఆ అచ్చులన్నీ ఖల్ఫాన్ చెక్కినవే. చిన్నప్పటినుంచీ వాడి చేతిలో ఆ విద్య ఉంది, కాదనను.

ఒక చలికాలం హిలాల్ వచ్చి తన పెద్ద డేగకు కుళ్ళాయి కావాలన్నాడు. తెల్లారితే హుబారా పిట్టల వేటకు ప్రయాణం. పెద్ద డేగ అచ్చు ఖల్ఫాన్ బండిలో ఎడారికి వెళ్ళిపోయింది. నా దగ్గర ఉన్నది షాహీన్ అచ్చు ఒక్కటే. దాని మీదే కుట్టేశాను. తీరా చూస్తే డేగ తల అందులో పట్టలేదు. ఏం చెయ్యను? వెనక చీల్చి, మౌజా చిన్నప్పటి పచ్చ పండుగ గౌను ముక్క లోపల వేసి, మడతలా అతుకు వేశాను.

అందరి కుళ్ళాయిలకూ రెండు తాళ్ళు. రెండో చేతి మీద డేగ ఉంటుంది కాబట్టి, ఒకటి చేత్తో, ఒకటి పళ్ళతో పట్టి లాగి బిగించాలి. నా అతుకు పడ్డదాన్ని ఒక్క చేత్తో లాగితే మడత తనంతట తనే మూసుకుంది. హిలాల్ చూసి, “ఇదేంటమ్మా, కుళ్ళాయికి తోక మొలిచింది!” అని పగలబడి నవ్వాడు. వేట నుంచి వచ్చి, “ఇంకోటి కుట్టు, నవ్వను” అన్నాడు. మా ఆయనకు ముందు పళ్ళు కదిలేవి. “అఫ్రా, ఇది నా పళ్ళ కోసమే పుట్టిందే” అని మురిసిపోయాడు. తర్వాత మా కొట్టు బతికింది ఆ తోక మీదే.

4. చాలా ఏళ్ళకు ఒక కంపెనీవాళ్ళు వచ్చి, వీటిని మిషను మీద చేస్తాం, ఈ మడత ఎవరిది, హక్కు నమోదైందా అని అడిగారు. అడిగిన వారంలోనే ఖల్ఫాన్ హక్కులు నమోదు చేసే ఆఫీసుకు వెళ్ళి, రూపకర్త అన్నచోట తన పేరు రాసి నమోదు చేయించాడు. మతర్ అది తనదని అభ్యంతరం పెట్టాడు. ఖల్ఫాన్ ఏమన్నాడంటే, గుడారం తలుపు గాలికి ముడుచుకోవడం చూసి తనకు ఆ ఆలోచన తట్టిందట. మతర్‌కు వాళ్ళమ్మ తల గుడ్డ మడత చూసి తట్టిందట. ఇద్దరివీ మంచి కథలే. పొయ్యి మీద హరీస్ జావ కలుపుకుంటూ రెండూ విన్నాను. వాయిదా ఉన్న రోజు ఇద్దరికీ ఒకే కుండలోంచి భోజనం పంపేదాన్ని. ఇద్దరూ ఖాళీ చేసి పంపేవాళ్ళు.

“ఒరేయ్, అది అతుకు కదరా” అన్నాను ఖల్ఫాన్‌తో. “అక్కా, ఆఫీసులో అతుకు అనకూడదు. నూతన ఆకృతి అనాలి” అన్నాడు వాడు. మా ఆయనతోనూ అన్నాను. “నువ్వు కుట్టావు, సరే. కుట్టమని తోలు తెచ్చింది ఎవరు?” అన్నాడు ఆయన.

అప్పుడొక వకీలు నాకు ఒక మాట చెప్పాడు. నలుగురూ ముందే చూసి వాడిన వస్తువును కొత్తదని ఎవరి పేరునా నమోదు చేయకూడదట. చేసినా చెల్లదట. నేను పెట్టె తెరిచి హిలాల్ డేగ పెట్టుకున్న మొదటి కుళ్ళాయి తీశాను. మరమ్మతుకని నా దగ్గర ఇచ్చి, ఆ డేగ ఎగిరిపోయాక అతను దాన్ని మళ్ళీ అడగలేదు. లోపల పచ్చ గుడ్డ అలాగే ఉంది. అదే గౌనులో మౌజా నిలబడి తీయించుకున్న ఫొటో మగవాళ్ళు కూర్చునే మజ్లిస్ గోడకు వేలాడుతోంది. నమోదుకు ఎన్నో ఏళ్ళ ముందే ఆ మడత ఉందనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి? తగవు తీరిపోతుందనుకున్నాను, పిచ్చిదాన్ని.

మతర్ దాన్ని చూసి ముఖం మాడ్చుకున్నాడు. “దాచెయ్. ఇది బయటపడితే వాడికీ రాదు, నాకూ రాదు.” వారం తిరక్కుండా ఖల్ఫాన్ ఫోను చేశాడు. “అక్కా, నీ పుణ్యం, ఆ పాతది ఉంటే చించి పారెయ్.” తగవు నడిచినన్నాళ్ళూ వాళ్ళిద్దరూ ఒక్కమాట మీద ఉన్నది ఈ ఒక్క సంగతిలోనే. నేను చించలేదు. చూపించనూ లేదు, ఎందుకంటే అడిగినవాళ్ళు లేరు.

తీర్పు రాకముందే మతర్ పోయాడు. నమోదు ఖల్ఫాన్ పేరున నిలిచింది. ఈలోగా మౌజాకూ, ఖల్ఫాన్ కొడుకు ఘానిమ్‌కూ అనుకున్న మేనరికం చెడింది. ఉంగరం వెనక్కి పంపింది మా ఆయన. పంపవద్దని ఆయన చేతులు పట్టుకున్నాను. ఘానిమ్ తర్వాత వేరే పెళ్ళి చేసుకున్నాడు. మౌజా వచ్చిన సంబంధాలన్నీ తనే తిప్పిపంపింది. నా పని నేర్చుకుని కుళ్ళాయిలు కుడుతుంటే, ఆ మడత వెయ్యకూడదని ఖల్ఫాన్ దగ్గర హక్కు తీసుకున్న కంపెనీ తరఫున నోటీసు వచ్చింది. “నా గౌను ముక్కతో మొదలైంది, నేను కుట్టకూడదట చూడమ్మా” అని నవ్వింది. తర్వాత గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తలుపు చప్పుడు నా చెవుల్లో ఇంకా ఉంది.

నన్ను ఎవరైనా అడిగితే ఏం చెప్పేదాన్నో రాయిస్తున్నాను. అచ్చు ఖల్ఫాన్‌ది. తోలు మతర్‌ది. కుట్టు నాది. గౌను మౌజాది. అది మా అందరిదీ. ఈ మాట అనడానికి ఒక్క నిమిషం పట్టేది. దానికి బదులు మేము మనుషులను పోగొట్టుకున్నాం. నాకు అంతకుమించిన దుఃఖం లేదు.

5. నా ఆరెలు, కత్తులు, తోలు బల్ల మౌజాకు నేను ఆరోగ్యంగా ఉండగానే నా చేతులతో ఇచ్చేశాను. అవి నా ఆస్తిలో లేవు. ఎవరూ లెక్కలోకి లాగవద్దు.

6. నా ధూపదాని ఖల్ఫాన్ భార్యకు ఇవ్వాలి. మగవాళ్ళు కోర్టుల చుట్టూ తిరుగుతుంటే, నా మరదలు ప్రతి పండక్కీ లుఖైమాత్ చేసి డ్రైవరు చేత రహస్యంగా పంపేది. పాకం ఎప్పుడూ ఎక్కువయ్యేది. ఆ తీపి కోసం ఎదురు చూసేదాన్ని.

7. మొదటి కుళ్ళాయిని నా మేనల్లుడు ఘానిమ్‌కు రాస్తున్నాను. మౌజాకు రాయలేను, ఖల్ఫాన్‌కూ రాయలేను, ఇద్దరూ వారసులు. రాయకుండా వదిలేస్తే దాన్నీ చెరి సగం కొయ్యాలి. తండ్రి బతికుండగా ఘానిమ్ నాకు వారసుడు కాడు. కాబట్టి అతనికి చెల్లుతుంది.

పరామర్శ మూడో రోజు, మగవాళ్ళందరూ కూర్చున్నప్పుడు, గహ్వాతో పాటు ఆ కుళ్ళాయిని చేతినుంచి చేతికి తిప్పాలి. ముందు హిలాల్‌కు, చివర ఖల్ఫాన్‌కు. మజ్లిస్ గోడ మీది ఫొటో తీయవద్దు. అక్కడ కూర్చునేవాళ్ళంతా డేగలతో పెరిగినవాళ్ళే. ఎవరూ ఉపన్యాసం చెప్పనక్కర్లేదు. హిలాల్, ఇది ముఖ్యంగా నీకు.

ఖల్ఫాన్ తనంతట తను ఆ నమోదు రద్దు చేసుకుంటే, కుళ్ళాయి హిలాల్‌కు ఇచ్చెయ్యి ఘానిమ్, ఏదైనా డేగ పెట్టుకుంటుంది. చేసుకోకపోతే, నువ్వే మౌజాతో కలిసి దాన్ని ఆఫీసుకు పట్టుకెళ్ళి ఆ నమోదు కొట్టేయించు. కొడుకు చేతికి ఇంత బరువు పెట్టడం న్యాయం కాదని తెలుసు. ఆ రోజు ఉంగరం తిరిగొచ్చినప్పుడు నువ్వు ఒక్క మాట మాట్లాడలేదు నాయనా. ఇప్పుడు మాట్లాడు. నా కూతురు తలుపు తీసుకుని బయటికి వచ్చి, తన మడత తను కుట్టుకోవాలి.

8. షాహీన్ చెక్క అచ్చు. మా నాన్న పోయిన ఏడాది ఖల్ఫాన్ నాకోసం చెక్కిన మొదటి అచ్చు ఇది. అప్పటికి వాడికి మీసాలు కూడా రాలేదు. వేలు కోసుకుని, రక్తం తుడుచుకుంటూ తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. నేను అతుకు వెయ్యవలసి వచ్చింది దీని మీద కుట్టినందుకే.

ఘానిమ్‌కు కూతురు పుట్టిందనీ, కోర్టు తగవు ఇంకా చల్లారకముందే ఖల్ఫాన్ ఆ బిడ్డకు నా పేరు పెట్టించాడనీ మరదలు చెప్పి పంపింది. ఆ పిల్లను నేను చూడలేదు. ఈ అచ్చు ఆ పిల్లకు ఇవ్వాలి. దీని మీద కొత్తగా పేరు చెక్కించవద్దు. తిరగేస్తే అడుగున, వంకర అక్షరాలతో, ‘ఇది అఫ్రాది’ అని ఉంటుంది. చెక్కింది ఆ పిల్ల తాతే.

చదివించుకుని విని, నా ఇష్టప్రకారమే ఉందని ఒప్పుకుని, సాక్షుల ఎదుట వేలిముద్రా సంతకమూ రెండూ వేశాను.

అల్ ఐన్, హిజ్రీ 1445 రజబ్ 10, ఈసవీ 2024 జనవరి 22

(సంతకం) అఫ్రా బింత్ తరీష్

సాక్షులు:
1. జుమా బిన్ ఉబైద్, పక్కింటివారు
2. కరామత్ గుల్, తోలు కొట్టు యజమాని