పదిహేడో మొక్క సంగతి

అమ్మా,
నేను కులాసా. ఒక్క విషయం దాచకుండా చెప్పు. నా దగ్గరున్న నెల్లాళ్లూ బట్టలు జాడించిన నీళ్లు గుమ్మం ముందు వరసలో ఉన్న పదిహేడో మొక్కకి పోశావా? నీళ్లు లేకుండా ఎంత పెరుగుతాయో చూడాలనే ఆ వరసని ఎండగట్టామని చెబితే, "పాపం, నోరులేనివి" అని గొణిగావు కూడా.

అదొక్కటే మూరెడు ఎక్కువ పెరిగింది. మా పరిశోధన కేంద్రం పెద్దసారు దానికి కంచె కట్టించి, "కరువుని గెలిచిన మొక్క!" అంటూ వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నారు. నెలాఖరుకి రిపోర్టు నా సంతకంతో వెళ్లాలి. తప్పు రాస్తే ఉద్యోగం ఊడుతుంది. రోజుకెన్ని బకెట్లు పోశావో పోస్టుమాన్ బాబాయితో రాయించు, తగ్గించి చెప్పకు.

నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? ఇద్దరికీ నమస్కారాలు.

నువ్వెళ్లాక మొక్క వాడిపోతోంది. ఎందుకో తెలియక సారు తిండి మానేశారు. నీ మీద బెంగ పెట్టుకుందని ఎలా చెప్పనే?

నీ కూతురు