ఎడమవైపు సీటు

ఇచ్చోడ దగ్గర, బండిలోంచి.

నా బంగారు బిడ్డ యుమ్నాకు అమ్మీ దీవెనలు. అస్సలాము అలైకుం. అల్లుడు తౌసీఫ్‌కు నా దువా చెప్పు. అల్లా దయవల్ల నేనూ మీ అబ్బా తిండికీ నీళ్లకూ లోటు లేకుండా ఉన్నాం. కరీంనగర్‌లో మీరిద్దరూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

మందుల పార్సిల్ ఇచ్చోడ బస్టాండులో అందింది. అందులో నువ్వు పెట్టిన ఉత్తరాన్ని బియ్యం డబ్బాలో దాచి, మీ అబ్బా అటు పోయినప్పుడల్లా తీసి చదువుకున్నాను. ఫోన్లుండగా ఉత్తరాలేమిటని తౌసీఫ్ నవ్వుతున్నాడని రాశావు. ఒక్కరోజు ఈ బండిలో ఉండి చూడమను. ముందు సీటు నుంచి వెనక తలుపు దాకా నాలుగు అంగలు లేదు. నేను గుసగుసలాడినా మీ అబ్బాకు వినపడుతుంది. ఈ టేకుచెట్ల కింద సిగ్నల్ రాదు. గట్టు ఎక్కితే వస్తుంది గానీ, నేను ఫోన్ పట్టుకుని గట్టు దిక్కు నడిస్తే చాలు, "బిడ్డతోని నేను గూడ మాట్లాడుత ఆగు" అంటూ వెనకే వస్తారు. అందుకని కాగితమే నయం.

నువ్వు అడిగినవాటికి ఒక్కొక్కటిగా జవాబు రాస్తాను. చివరి ప్రశ్నకు మాత్రం చివరనే. దానికి ధైర్యం కూడగట్టుకోవాలి.

ఎట్లా పడుకుంటున్నారని అడిగావు. పగలు కూర్చునే బల్లను బయటికి లాగితే అదే మంచం. ఒకరు ఒత్తిగిలితే రెండోవారూ ఒత్తిగిలాలి. స్నానానికి వెనక తలుపు తెరిచి, దానికీ చెట్టుకూ మధ్య పరదా కట్టారు మీ అబ్బా. మిగతా అవసరాలకు సక్కుబాయి వాళ్ల మరుగుదొడ్డి ఉంది. మేము బండి పెట్టుకున్న చేను సక్కుబాయిది. సోయా కోసేశారు కాబట్టి ఖాళీగా ఉంది. ఆమె మాటల్లో అక్కడక్కడా మరాఠీ కలుస్తుంది. నన్ను అక్కా అంటుంది, మీ అబ్బాను దాదా అంటుంది. వేడి జొన్నరొట్టె తెచ్చి వద్దన్నా చేతిలో పెడుతుంది. నేను చింతపండు వేసి ఖట్టీ దాల్ చేసినప్పుడు ఆమెకూ ఒక గిన్నె పంపుతాను.

లోపల పొయ్యి వెలిగించొద్దని రాశావు. వెలిగించడం లేదు. వెనక తలుపు దగ్గర నేల మీదికి దించుకుని చేసుకుంటున్నాను. గాలి వీస్తే మంట వంగిపోతుంది, అన్నం ఒకవైపే ఉడుకుతుంది. మీ అబ్బా దాన్నే మెచ్చుకుంటూ తింటారు.

ఇంటికి ఎప్పుడు వస్తారని అడిగావు. మీ అబ్బా సంగతి నీకు తెలియనిది కాదు. ముప్పై ఏళ్లు నాగ్‌పూర్ దాకా ఇదే రోడ్డు మీద లారీ తోలారు. సుల్తానాబాద్‌లో ఈ పాత వ్యాను కొని, చెక్కలు కొట్టి, పరదాలు కట్టి నన్ను బయలుదేరదీసినప్పుడు చుట్టాలందరూ నవ్వారు. నేనూ మనసులో విసుక్కున్నాను. మొదటిరోజు ఇక్కడ బండి ఆపి, కిందికి దిగి, చెరువు దిక్కు చూస్తూ ఆయన అన్న మాట విన్నాక ఆ విసుగు పోయింది.

"గీ చెరువు ఎన్నిసార్ల చూసిన్నో సుల్తానా. ఎన్నడు దిగలే. దిగితే లోడు లేటైతది. ఇయ్యాల దిగిన."

ఆ మాట అన్న మనిషిని ఇంటికి పోదాం పదమని ఎట్లా అడగను?

భయమేస్తోందా అని నువ్వు అడగలేదు. నీకు నా సంగతి తెలుసు. మొదట్లో అన్నిటికీ భయపడ్డాను. టేకు ఆకు రేకుల కప్పు మీద పడితే ఎవరో నడుస్తున్నట్టే ఉంటుంది. అవతలి అడవి నుంచి పులి ఒకటి ఇటు దాటిందని సంతలో అనుకున్నారు. ఆ రోజంతా నేను బండి దిగలేదు. ఇప్పుడు ఆ భయాలు తలచుకుంటే చిన్నపిల్లల భయాల్లా ఉన్నాయి. పులి వస్తే తలుపు వేసుకోవచ్చు.

నీ చివరి ప్రశ్న. "అబ్బా ఫోన్‌లో మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఎందుకు ఆగిపోతున్నారు? సిగ్నల్ అని మాత్రం చెప్పకు" అని రాశావు. సిగ్నల్ కాదు బిడ్డా.

మొదటిసారి ఆయన అద్దం ముందు గడ్డం దువ్వుకుంటున్నారు. ఏదో పాత లారీ ముచ్చట చెబుతూ నవ్వుతున్నారు. మాట ఆగింది. దువ్వెన గడ్డంలోనే ఉండిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి, నా దిక్కే ఉన్నాయి, కానీ నన్ను చూడటం లేదు. పెదవులు మాత్రం ఏదో నములుతున్నట్టు కదులుతున్నాయి. పిలిచాను. భుజం పట్టి ఊపాను. కాసేపటికి దువ్వెన మళ్లీ కదిలింది. "ఏంది, గట్ల చూస్తున్నవ్?" అన్నారు. ముచ్చట ఎక్కడ ఆగిందో అక్కడ కాకుండా మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టారు. అలసట అనుకున్నాను. అలసటే కావాలని దువా చేశాను.

రెండోసారి ఘాట్‌లో. కొత్త సిలిండర్ కోసం నిర్మల్ పోయి తిరిగి వస్తున్నాం. బండి ఎక్కుతోంది, ముందు మలుపు ఉంది. ఆయన స్టీరింగ్ తిప్పలేదు. చూస్తే అవే కళ్లు, అదే నమలడం. కాలు యాక్సిలరేటర్ మీద బిగిసి ఉంది. పక్కన లోయ. నాకు బండి గురించి తెలిసింది చేతి బ్రేకు ఒక్కటే. రెండు చేతులతో దాన్ని గుంజి, స్టీరింగ్ మీద పడ్డాను. బండి అంచున ఉన్న గోడను రాసుకుంటూ పోయి ఆగింది. బండి పక్క అద్దం పగిలిపోయింది. వెనక లారీ హారన్ కొడుతూనే ఉంది.

"పిచ్చి లేసిందా నీకు? బ్రేకెందుకు గుంజినవ్?" అన్నారు, తెలివి వచ్చాక.

"కోతి అడ్డమొచ్చింది" అన్నాను.

"నాకు కనపడకుంట నీకు కనపడ్డదా?" అని నవ్వి, మళ్లీ బండి స్టార్ట్ చేశారు. ఇచ్చోడ దాకా నా చెయ్యి బ్రేకు మీదనే ఉంది, నోట్లో కలిమా ఉంది.

ఆ అబద్ధం ఎందుకు చెప్పానో నాకే తెలియదు. నిజం చెబితే ఆ క్షణమే నిజమైపోతుందని భయమేమో.

ఆ తర్వాత సక్కుబాయి చూసింది. మీ అబ్బా నీళ్లకు బావి దగ్గరికి పోయారు. పక్క చేలో ఆమె గడ్డి కోస్తోంది. బకెట్ నీళ్లలో పడిన చప్పుడుకు తలెత్తి చూస్తే, ఈయన బావి ఒడ్డున కదలకుండా నిలబడి ఉన్నారట. పరుగెత్తుకొచ్చి, చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టింది. తెలివి వచ్చాక చెయ్యి జారిందన్నారట. ఆమె నన్ను పక్కకు పిలిచింది.

"అక్కా, మా మరిదికి గిట్లనే అవుతుండె. ఇది దవాఖాన రోగం. గాలి గీలి సోకిందనుకోకు."

"ఆయనకు చెప్తే నమ్మడు సక్కుబాయీ."

"మా మరిది గూడ నమ్మలే. ఆ టైము వానికి యాదికే ఉండదాయె. ఎంత చెప్పినా, 'నేను మంచిగనే ఉన్న' అనెటోడు."

"ఇప్పుడెట్లున్నడు?"

ఆమె కొడవలి దిక్కు చూస్తూ, "బాయిల తేలిండు" అంది.

ఆ మాట విన్నప్పటినుంచి నాకు అన్నం దిగలేదు. ఆ సాయంత్రమే మీ అబ్బా, "జుమ్మా నమాజ్ అయినంక నాగ్‌పూర్ దిక్కు పోదాం. నీకు సంత్రా తోటలు చూపిస్త" అన్నారు, పిల్లవాడిలా సంబరపడుతూ. నేను తల ఊపాను. బండి తాళం దాచేద్దామనుకున్నాను. తాళం ఆయన మొలతాడుకే ఉంటుంది.

ఇప్పుడు రాయబోయేది ఎవరికీ చెప్పలేదు బిడ్డా. సక్కుబాయికి కూడా. మరునాడు పొద్దున బండి మెట్టు మీద కూర్చుని చాయ్ తాగుతుండగా ఆయనకు మళ్లీ అట్లాగే అయింది. పట్టుకోవలసిన చేత్తో నేను ఫోన్ తీసుకున్నాను. నువ్వు నేర్పావే, వీడియో తీయడం, అది తీశాను. కప్పు ఒరిగింది. వేడి చాయ్ తొడ మీద పడుతోంది. చూస్తూనే ఉన్నాను, ఫోన్ దించలేదు. దించితే మళ్లీ ఏ రుజువూ ఉండదని, మళ్లీ ఘాట్ ఎక్కుతారని. తర్వాత నీళ్లు పోశాను, నువ్వు పంపిన మలాము రాశాను. బొబ్బ పెద్దదేమీ కాదు, మానుతోంది. కానీ కట్టుకున్నవాడు కాలుతుంటే నిలబడి వీడియో తీసిన ఆడదాన్ని నేను. నమాజ్‌లో ఆ మాట చెప్పుకుందామంటే నోరు రాలేదు.

ఫోన్ ఆయన చేతికిచ్చాను. చూశారు. మళ్లీ చూశారు. "గీ మనిషి నేనేనా?" అన్నారు మెల్లగా. ఫోన్‌ను గబుక్కున మెట్టు మీద బోర్లా పెట్టేశారు. ఇన్నేళ్లలో ఆయన భయపడటం నేను చూడలేదు యుమ్నా. అది చూశాక నా భయం రెండింతలైంది.

"ఘాట్ల కోతి రాలే గద?"

"రాలే."

"నాకెందుకు చెప్పలే?"

"అందరితోని డ్రైవర్ సాబ్ అనిపిచ్చుకున్న మనిషికి బండి ఇడువుమని ఎట్ల చెప్పుదు?"

తర్వాత, "మన ఎనక లారీ ఉండె. గాయన టైముకు బ్రేక్ కొట్టకపోతే ఏమైతుండె?" అన్నారు. తన గురించి కాదు, నా గురించి కాదు, ముఖం చూడని ఆ లారీ డ్రైవర్ గురించి. చేను గట్టు మీద మధ్యాహ్నం జొహర్ నమాజ్ దాకా ఒక్కరే కూర్చున్నారు. నేను ఇటు నుంచి ఆయన పెదవులనే చూస్తూ కూర్చున్నాను.

నమాజ్ చేసి వచ్చి, మొలతాడు నుంచి తాళం విప్పి నా చేతిలో పెట్టారు.

"నేను అడిగినా ఇయ్యకు. తిట్టినా ఇయ్యకు."

అప్పుడు ఏడ్చాను. ఆయన ఏడవలేదు.

అందుకని నువ్వు రావాలి. సక్కుబాయి ఈ చేలో శనగ వేసుకోవాలి, బండి ఇక్కడ వదిలిపెట్టి రాలేం. తౌసీఫ్‌కు స్కూటర్ తప్ప రాదు. ఎవరినైనా డ్రైవర్‌ను మాట్లాడదామని నేనంటే మీ అబ్బా ఒప్పుకోలేదు. "యుమ్నా నడుపుతది. నేర్పింది నేనే గద" అన్నారు. నీకు స్టీరింగ్ నేర్పిస్తున్నప్పుడు ఆడపిల్లకెందుకని నేను ఎంత గొడవ పెట్టుకున్నానో గుర్తుందా? రేపు ఈ ఉత్తరం కరీంనగర్ బస్సులో ఇచ్చి, ఇచ్చోడ నుంచి నీకు ఫోన్ చేస్తాను. బస్టాండుకు పోయి తీసుకోమని, బయలుదేరి రమ్మని మాత్రమే చెబుతాను. ఎందుకని అడగకు, ఫోన్‌లో చెప్పలేను. తలకు, నరాలకు చూసే డాక్టర్ ఎవరో మీ మందుల షాపులో కనుక్కుని పేరు రాయించి పెట్టు. వీడియో ఉంచాను, డాక్టర్‌కు చూపిద్దాం. నువ్వు మాత్రం చూడకు.

బావి దగ్గరికి ఇప్పుడు ఆయనను పోనివ్వడం లేదు. సక్కుబాయి నీళ్లు తెచ్చిపెడుతోంది. ఆయన మాట ఒక్క క్షణం ఆగినా నా గుండె ఆగుతుంది. ఒక్కోసారి ఊరికే ఆలోచిస్తూ ఆగుతారు. నేను గభాలున చెయ్యి పట్టుకుంటే, "ఇక్కడనే ఉన్న" అంటారు.

ఈ పొద్దున నిలబడి ఉన్న బండిలోనే ఎడమవైపు సీటులో కూర్చుని చూశారు. ఆ సీటులో ఎన్నడూ కూర్చోలేదు కదా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నారు. కుడికాలు మాత్రం నేలను నొక్కుతూనే ఉంది.

ఇప్పుడు అక్కడినుంచే అడుగుతున్నారు. "గంత సేపటి సంది ఎవరికి రాస్తున్నవ్?"

"బిడ్డకు."

"మొత్తం రాసినవా?"

"రాసిన."

కిటికీలోంచి రోడ్డు దిక్కు చూస్తున్నారు. నేను పెన్ను పట్టుకుని ఆయన పెదవులనే చూస్తున్నాను. కదిలాయి.

"క్లచ్ జర గట్టిగుంటది. పోరిని మెల్లగ ఇడువుమని రాయి."

రాశాను బిడ్డా. త్వరగా రా.

ఇట్లు,
నీ రాక కోసం రోడ్డు చూస్తున్న
నీ అమ్మీ,
సుల్తానా బీ