జాకీల మీది కారు

అక్కయ్యకు,

నేను కులాసాగానే ఉన్నాను. వేళ్లు కాస్త కాలడంతో రాత వంకరపోయింది, అమ్మతో అనకు.

మా షెడ్డుకు ఒక పెద్దాయన ఇంజను లేని స్పోర్ట్స్ కారును లాగించుకొచ్చాడు. కొండ దిగుతుంటే బ్రేకులు పట్టక వాళ్లబ్బాయి అందులోనే పోయాడట. బ్రేకులకు కొత్త డిస్కులూ ప్యాడ్లూ వేయమన్నాడు.

"నడవని బండికి ఎందుకండీ?" అన్నాను.

"మొదటిసారి తొక్కగానే పట్టాలి బాబూ" అన్నాడు, అంతే.

పందెం కార్లకు వేసే ప్యాడ్లు వేడెక్కితే గాని పట్టవు. అందుకని చల్లగా ఉన్నా పట్టే ప్యాడ్లూ, చిల్లుల్లేని మందపాటి డిస్కులూ ఎంచి బిగించాను. భోజనం చేసి వచ్చేసరికి షెడ్డంతా ప్యాడ్లు మాడిన వాసన. కారు కదల్లేదు, జాకీల మీదే ఉంది. డిస్కు ముట్టుకుంటే చర్మం అంటుకుపోయింది. పెద్దాయనను పిలిచాను. ఆయన ఆ వేడికి అరచేయి చాపి చాలాసేపు నిలబడ్డాడు.

"అయితే మావాడు ఈసారి ఆగాడన్నమాట" అన్నాడు.

ఆ సాయంత్రమే కారును పాత ఇనుముకు ఇచ్చేశాడు.

బావగారి బండి కీచుమంటోందన్నావు, ప్యాడ్లు మార్పించారా? మార్చేదాకా బయటికి తీయనివ్వకు. పాపకు దగ్గు తగ్గిందా? అమ్మకు నా నమస్కారాలు, పాపకు ముద్దులు.

నీ తమ్ముడు