అడుగునుంచి తీసిన డీజిలు

నాన్నకు, నేను కులాసా. అక్కను కాన్పుకి మా ఆసుపత్రికి తీసుకురాకండి. తనకి మంచం ఇప్పించమని కాళ్లావేళ్లా పడ్డ నేనే ఈ మాట రాస్తున్నాను.

కరెంటు పోతే వార్డులను ఆదుకోవలసిన, నేను చూసుకునే జనరేటరుకి నిలవ ఉంచిన డీజిలు పాడైంది. తనిఖీకి మాత్రం ట్యాంకు పైభాగంనుంచి నమూనా ముంచి పంపుతున్నారు. నిన్న నేను అడుగునుంచి తీస్తే సీసాలో సగం నీళ్లు, నల్లటి జిగురు. ఇంజనీరుకి చూపించాను.

"పైన తేటగానే ఉంది కదరా, అడుగుతో నీకేం పని?" అన్నాడు.

"ఇంజను తాగేది అడుగునుంచేనండీ. ఆ నీళ్లకి ఆగిపోతుంది."

"యూనియనువాళ్ల కరపత్రాలు చదివి చెడ్డావురా" అని, డీజిలు బాగుందనే కాగితం మీద నేను పెట్టనన్న సంతకం స్టోరు గుమాస్తా చేత పెట్టించాడు. పైవాళ్లకు రాసిన ఫిర్యాదు తిరిగి ఆయన బల్లమీదికే వచ్చింది.

అక్కను భయపెట్టకండి. తమ్ముడు మాట తప్పాడని చెప్పండి, తిట్టుకోనీ. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నా పాత స్వెట్టరు పంపండి.

అక్కనైతే తప్పించాను. కాన్పుల వార్డులో ఇవాళ పదకొండుమంది ఉన్నారు. ఉండబట్టలేక వెళ్లి, గుమ్మంలో కూర్చున్న ఒక పెద్దావిడకు సంగతంతా చెప్పాను. ఆవిడ విని, "ఇంకెక్కడికి పోతాం నాయనా?" అంది.

అమ్మకు నమస్కారాలు.
మీ అబ్బాయి