యాదగిరి పబ్బులో నీ ఫొటో

తమ్ముడూ శ్రీనూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నాంపల్లి స్టేషన్ ఎదుటి హోటల్లో, మనం ముగ్గురం చాయ్ తాగే బల్ల దగ్గరే కూర్చుని రాస్తున్నాను.

ఫ్యాక్టరీ వాళ్ళు ట్రైనింగ్‌కు జర్మనీ పంపితే, ఒక శని, ఆదివారాల్లో ఇంగ్లండు వెళ్ళి మన యాదగిరిని చూశాను. వాడక్కడ పబ్బు నడుపుతున్నాడు.

బళ్ళో వాడు నా పక్క బెంచీ. నిన్ను వాడికి పరిచయం చేసిందీ నేనే. తీరా చూస్తే పబ్బు గోడ మీద, అబిడ్స్ స్టూడియోలో మీరిద్దరూ దిగిన ఫొటో!

"నేనేడ ఉన్నరా గిండ్ల?" అన్నాను.

"గారోజు నువ్వు రాలే గదా, అన్నా."

ఒకప్పుడు నన్ను "ఒరేయ్" అనేవాడు. నీ నోటి పిలుపు వాడికి అంటుకుంది. బీరు తాగడానికి వచ్చిన తెల్లవాళ్ళకు కూడా నీ పేరు తెలుసు. నన్ను మాత్రం "శ్రీను అన్న" అని చూపించాడు. పోయినవాడి మీద అసూయేమిటని సిగ్గుపడ్డాను కానీ, అది తగ్గలేదు.

తిరుగు ప్రయాణంలో రైలు దగ్గర యాదగిరి నన్ను వాటేసుకుని ఏడ్చాడు. ఆ కౌగిలి నీదని నాకు తెలుసు. అయినా గార్డు విజిల్ వేసేదాకా నేను వదల్లేదు.

మీ అన్న