ప్రధానమంత్రి తరఫు వకీలు

కార్లో, ఐర్లండ్

అక్కా,

ఫోన్‌లో చెబితే ఏడ్చేస్తానని రాస్తున్నాను. 1840ల ఐర్లండ్ కరువునాటి బ్రిటిష్ ప్రధాని రస్సెల్‌పై సుధేష్ణ బడిలో ఉత్తుత్తి విచారణ పెట్టారు. ఆయన తరఫు వకీలు వేషం మన పిల్లకొచ్చింది. లక్షల చావులకు కారణం ఆయనేనని ఇక్కడివాళ్లకు ఇప్పటికీ కోపం. అప్పటినుంచి స్నేహితురాళ్లు దాని పక్కన కూర్చోవడం లేదు.

"జ్వరమని చెప్పి ఇంట్లో ఉండు పాపా" అన్నాను.

"నో అమ్మా, ఐ విల్ బి గ్రాండ్" అంది, తనకేం కాదని ఇక్కడివాళ్ల యాసలో.

నిన్న తల్లిదండ్రులందరి ముందూ లేచి, ఆయన గంజి కేంద్రాలు పెట్టించాడని వాదించింది.

"మరి జనం చస్తుంటే ఎందుకు మూయించాడు?" అని ఒక పిల్ల అరిచింది.

హాలంతా మనదానివైపే చూసింది.

"నా దగ్గర జవాబు లేదు" అని సుధేష్ణ కూర్చుండిపోయింది.

ఇంటికొచ్చాక, "మనవాళ్లు ఆకలితో చచ్చినప్పుడు పీఎం ఎవరు?" అని అడిగింది. తెల్లవాళ్ల పాలనలో, 1876లో మన సీమలో వచ్చిన ధాత కరువు గురించి చెప్పాను గానీ, అప్పటి బ్రిటిష్ ప్రధాని పేరు నాకు తెలియదు. చరిత్ర పాఠాలు చెప్పేదానివి, నువ్వే రాయి. ఆయన్నీ బోనెక్కిస్తుందట, ఈసారి ప్రశ్నలడిగేది తానేనట.

నీ చెల్లెలు